ఒకసారి నడిచి రామ్మా

నరసరావుపేటలో ఈ వారం ఒక కుర్ర డాక్టరు పని చూసి ముచ్చటేసింది. మిర్చి కల్లాల్లో తాలుకాయలు ఏరే ఒకావిడ నడుము ఎమ్మారై ఫిల్ములతో వచ్చింది. అతను కవరు పక్కన పెట్టి, “ఆ తలుపు దాకా ఒకసారి నడిచి రామ్మా” అన్నాడు. కుడి మోకాలు ఎత్తెత్తి వేస్తోంది. పాదం టప్పున నేలకు కొట్టుకుంటోంది. “చెప్పు నిలవట్లేదయ్యా, జారిపోతోంది” అంది.

పాదాన్ని పైకి లేపమన్నాడు. లేవలేదు. లోపలికి తిప్పమంటే బలంగానే తిప్పింది. నడుములో నరం నలిగితే సాధారణంగా ఆ బలం కూడా తగ్గుతుంది. మోకాలి కింద బయటివైపున్న ఎముక బుడిపె మీద వేలితో తట్టగానే పాదం దాకా జివ్వుమంది. పాదాన్ని లేపే నరం అక్కడ చర్మం కిందే ఉంటుంది. గంటల తరబడి గొంతుక్కూర్చుంటే అది నలిగిపోతుంది. ఆ కూర్చోవడం మానేసి, పాదానికి పట్టీ కట్టుకుని, వ్యాయామం చేస్తే చాలామందిలో ఆ నరం కోలుకుంటుంది.

కాలీడ్చిన ప్రతివాణ్ణీ “వాతం” అని తేల్చి తుంటికి సూది పొడిపించకండని ఈ కాలమ్‌లో రాస్తూనే ఉన్నాను. ఆ సూది చోటు తప్పితే తుంటి నరమే దెబ్బతిని పాదం వేలాడిపోతుంది. పక్షవాతం వచ్చిన కాలు అర్ధచంద్రాకారంలో తిరిగి వస్తుంది. పార్కిన్సన్స్‌లో అడుగులు చిన్నవైపోతాయి, చేతులు ఊగవు. పాదాల్లో స్పర్శ పోయిన షుగరు మనిషి నేలను చూస్తూ నడుస్తాడు, చీకట్లో తూలతాడు. ఏ నడకకు ఆ కారణమే ఉంటుంది.

గుంటూరు పెద్దాసుపత్రిలో చదువుకునే రోజుల్లో మా మాస్టారు రోగి వరండాలో నడిచి వస్తుండగానే జబ్బేమిటో చెప్పమనేవారు. వినుకొండ, బొల్లాపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లలో కొందరు మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పేవారు. కాళ్లు కర్రల్లా బిగిసి, అడుగు తీస్తే ఒకదానికొకటి అడ్డుపడేవి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకలో చేరి, వెన్ను కీళ్లను అతికించి, వెన్నుపామును నొక్కేస్తే వచ్చే నడక అది. ఫ్లోరోసిస్ అనే ఈ ఎముకల జబ్బును మన దగ్గర 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో షార్ట్ అనే పరిశోధకుడి బృందం నమోదు చేసింది. నల్లగొండ పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు లాన్సెట్‌లో రాశారు. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లలకు ఆ దెబ్బ మరీ ఎక్కువ.

మాస్టారి చూపంటే నాకు ఇప్పటికీ భక్తే. కానీ ఆ వరండాలో మేం సరిగ్గా గుర్తుపట్టిన ఫ్లోరోసిస్ రోగుల్లో ఎవరి నడకా తిరిగి బాగుపడలేదు. కల్లంలో నలిగిన నరానికి డాక్టరు కన్ను చాలు. ఫ్లోరైడ్ నడకలో కనిపించే నాటికి ఎముక ఎప్పుడో బిగిసిపోయి ఉంటుంది. అక్కడ పరీక్ష చేయాల్సింది కాలికి కాదు, నీటికి.

ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటని నీళ్లే తాగాలి. వేరే దిక్కు లేనప్పుడు కూడా 1.5 మించకూడదు. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మీ ఇంటి బోరు నీళ్లు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. ఇంట్లో పిల్లలుంటే ఈ వారమే చేయించండి.