అతుకుల బొంతకు ఒక వస్త్రశ్రేణి: కృష్ణా తీరపు అద్దకంలోంచి ఒక ఊహ

అతుకుల బొంతకు పనికివచ్చే బట్టను ఊహించడం చీరకో పరదాకో బట్టను ఊహించడం వంటి పని కాదు; చీర మీది డిజైను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తెగకుండా సాగుతూ తన పూర్తి రూపంతోనే కంటికి కనిపిస్తుంది కాని, బొంతలోకి చేరే బట్ట ముందుగా కత్తెరకు లోబడి, చిన్న చిన్న చదరాలుగా, త్రికోణాలుగా విడిపోయి, అంతవరకు పరిచయం లేని మరో పదిహేను ఇరవై బట్టల పక్కన తన స్థానాన్ని సంపాదించుకోవలసి ఉంటుంది. అందువల్లనే అతుకుపని బాగా వృద్ధి చెందిన దేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో, బట్టలను విడివిడిగా కాక శ్రేణులుగా రూపొందిస్తారు. వస్త్రశ్రేణి అంటే కొద్దిపాటి రంగులను ఉమ్మడిగా పంచుకుంటూ, డిజైను పరిమాణంలోనూ సాంద్రతలోనూ ఒకదానికొకటి భిన్నంగా ఉంటూ, ఎటు కలిపి కుట్టినా పొసగేలా ఒకేసారి ఆలోచించి తయారుచేసిన అద్దకపు బట్టల సముదాయం. అలాంటి శ్రేణిని తెలుగునాట ఎవరైనా తమకోసం ఊహించుకోదలిస్తే, దానికి కావలసిన సరంజామా అంతా మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ అద్దకంలో ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది.

కలంకారీకీ అతుకుల బొంతకూ మధ్య ఈ ముడి ఊహతో వేసినది కాదు, చరిత్రలో ఉన్నదే. కోరమండల్ తీరంలో తయారై యూరప్‌లో చింట్జ్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కిన పూల అద్దకపు నూలుబట్ట, ఉతికినా వెలవని రంగుల వల్ల పదిహేడో శతాబ్దంలో అక్కడి మగ్గాలను కలవరపెట్టేంతగా అమ్ముడుపోయింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరాన్ని ఏర్పాటు చేసుకోగా, ఆ శతాబ్దం ముగియకముందే ఫ్రాన్స్ 1686లో ఈ బట్టను నిషేధించి 1759 వరకు ఆ నిషేధాన్ని కొనసాగించింది. ఇంగ్లండు మొదట దిగుమతిని అడ్డుకుని, తర్వాత 1721 నాటి చట్టంతో వాడకాన్ని కూడా కట్టడి చేసి, 1774లో గాని దాన్ని సడలించలేదు. ఉత్తర ఇంగ్లండులోని లెవెన్స్ హాల్ అనే భవనంలో భద్రపరచిన, సుమారు 1708 నాటిదిగా చెప్పే అతుకుల దుప్పటి, ఆ దేశంలో నిలిచి ఉన్న తొలి అతుకుపనుల్లో ఒకటిగా పేరు పొందింది. అందులో జ్యామితి ఆకారాలుగా కత్తిరించి కలిపిన ముక్కలు భారతీయ చింట్జ్‌వి. ఆ తరువాతి కాలంలో, ఖరీదైన చింట్జ్ నుంచి పూలను, పక్షులను, కొమ్మలను అంచుల వెంబడి కత్తిరించి తెల్లని సాదా బట్ట మీద దూరదూరంగా పరచి కుట్టే బ్రోడరీ పెర్స్ అనే పద్ధతి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ వ్యాపించి, పంతొమ్మిదో శతాబ్దం మధ్యదాకా నిలిచింది. ఒక గజం బట్టలోని పూలు ఒక మంచం దుప్పటి అంతటా విస్తరించగలగడమే ఆ పద్ధతికి ప్రాణం.

ఇరవయ్యో శతాబ్దంలోనూ ఈ బంధం ఒకసారి చిగురించింది. బొంతల బట్టలకు తన పేరుతో శ్రేణులు రూపొందించిన తొలితరం అమెరికన్ డిజైనర్లలో ఒకరైన జిన్నీ బేయర్ 1970ల ఆరంభంలో భారతదేశంలో నివసిస్తున్నప్పుడే, ఇక్కడి అద్దకపు నూలుబట్టలతో అతుకుపని మొదలుపెట్టారు. ఆమె శ్రేణుల్లో విడువకుండా కనిపించే అంచు డిజైన్లకు ఆమెకు ప్రత్యేకమైన పేరుంది.

కృష్ణా తీరపు అద్దకం ఈ పనికి ఎందుకు తగినదో తెలియాలంటే ఆ బట్ట రంగు తొడిగే క్రమాన్ని గమనించాలి. గంజి, నూనె వదిలేలా శుద్ధి చేసిన నూలుబట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పోగులోకి పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు అద్దిన రంగును పక్కకు పాకనివ్వదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీటిలో రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణాన్ని టేకు అచ్చుతో అద్దగానే, ఇనుము కరక్కాయ వగరుతో కలిసి నలుపుగా మారుతుంది. ఎరుపు మాత్రం వెంటనే కనిపించదు: మొదట పటిక ద్రావణాన్ని అద్ది, బట్టను పారే నీటిలో జాడించి, పూర్వమైతే చిరివేరుతోనో మంజిష్ఠతోనో, ఇప్పుడు ఎక్కువగా అలిజరిన్ అనే రసాయనపు రంగుతోనో కాగులో మరిగిస్తే, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలిచి, మిగతా చోట్ల అంటిన లేత ఛాయ ఎండలో ఆరబెట్టి నీళ్లు చల్లుతూ ఉంటే తొలగిపోతుంది. రంగును బట్ట పైన పూయడం కాక బట్టలోనే పుట్టించే ఈ పద్ధతి బొంతకు అత్యంత విలువైనది, ఎందుకంటే తరతరాల ఉతుకుడును తట్టుకోవలసిన వస్తువు అది.

ఊహించే శ్రేణికి రంగులను ఈ క్రమమే నిర్ణయిస్తుంది: ఇనుప నలుపు, పటిక ఎరుపు, నీలిమందు నీలం, దానిమ్మ తొక్క పసుపు, నీలం పసుపు ఒకదానిమీద ఒకటి పడితే వచ్చే ఆకుపచ్చ, వీటన్నిటి కింద కోరా బట్ట మీగడ రంగు. ఇంకా రంగులు చేర్చాలన్న ఆశ కలగడం సహజమే గాని, దాన్ని అణచుకోవడమే శ్రేణికి మేలు. అన్ని బట్టల్లోనూ అదే నలుపు, అదే ఎరుపు తిరిగి తిరిగి కనిపించడం వల్లనే అవి ఒక ఇంటి బిడ్డల్లా పక్కపక్కన ఒదుగుతాయి.

రంగు కంటే ముఖ్యమైనది గాఢత, అంటే ఒక బట్ట దూరం నుంచి ఎంత చిక్కగా లేదా ఎంత లేతగా కనిపిస్తుందన్న విషయం. అతుకుల బొంతలో నక్షత్రమో వజ్రాకృతో రూపు కట్టేది ఎరుపు నీలాల భేదం వల్ల కాదు, చిక్కని ముక్క పక్కన లేత ముక్క పడడం వల్ల; సమాన గాఢత ఉన్న ఎరుపును నీలాన్ని పక్కపక్కన కుట్టి, కళ్లు సగం మూసి చూస్తే ఆకృతి కరిగిపోతుంది. కలంకారీ బట్టలను ఇష్టంగా పోగుచేసుకున్నవారి దగ్గర తరచుగా కనిపించే కొరత ఇక్కడే ఉంది: చేతికి వచ్చిన ప్రతి బట్టా నిండు ఎరుపో నిండు నలుపో అయి, లేత బట్ట ఒక్కటీ ఉండదు. కాబట్టి ఈ శ్రేణిలో కనీసం మూడోవంతు, మీగడ నేల మీద సన్నని నల్లచుక్కలో, దూరదూరంగా పడిన గోరంత ఎర్రని బుటాలో ఉన్న బట్టలకు కేటాయించడం అవసరం. అంగడిలో ఎవరి చూపునూ ఆపని ఈ నిరాడంబరమైన బట్టలే బొంతకు ఊపిరి ఇస్తాయి, గొప్ప పూల బట్టలకు గొప్పదనం కూడా వాటి పక్కన నిలిచినప్పుడే వస్తుంది.

డిజైను పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు కుట్టు కొలతలను మరవకూడదు. అతుకుపనిలో ప్రతి కుట్టుకూ పావు అంగుళం అంచు లోపలికి పోతుంది గనుక, అయిదంగుళాల చదరంలో నాలుగున్నర అంగుళాలు, రెండున్నర అంగుళాల పట్టీలో రెండంగుళాలే పైకి కనిపిస్తాయి. ఎనిమిది అంగుళాల నెమలి ఆ చదరంలో తలో తోకో మాత్రమే అవుతుంది. అలాగని పెద్ద డిజైన్లను పూర్తిగా వదులుకోనవసరం లేదు. పువ్వు, మొగ్గ, ఆకు, కాడ ఎక్కడ తెగినా ఆ ముక్కకు ఏదో ఒక పూర్ణత మిగిలేలా వంపులు తిరిగే తీగ డిజైను పెద్దదైనా పనికివస్తుంది, ఒకే బట్టలోంచి పది రకాల ముక్కలను ఇస్తుంది. ఒకే దిశలో నిలబడిన బొమ్మలు మాత్రం ముక్కలను తిప్పి కుట్టేటప్పుడు తలకిందులవుతాయి గనుక వాటిని మితంగా వాడడం మంచిది.

అంచు డిజైను ఈ శ్రేణిలో ప్రత్యేక శ్రద్ధకు అర్హమైనది. చీరకు అంచుగా ఉన్నప్పుడు అది ఒక హద్దు మాత్రమే. బొంతలో, నడిమధ్య నుంచి కుడిఎడమలకు సరిసమానంగా ప్రతిబింబించే అంచు నుంచి, డిజైనులోని ఒకే భాగం వచ్చేలా ఎనిమిది త్రికోణాలు కోసి కొనలు కలిపితే, గీసినవారు కూడా ఊహించని ముగ్గు మధ్యలో వికసిస్తుంది. ఇందుకోసం అచ్చు చెక్కేవారికి రెండు విషయాలు ముందే చెప్పాలి: డిజైను సగానికి సగం అచ్చంగా సరిపోలాలి, పక్కపక్కన నడిచే రెండు అంచుల మధ్య అరంగుళం ఖాళీ ఉండాలి, అప్పుడే ఒక్కోవైపు పావు అంగుళం కుట్టులోకి పోయినా గీత చెదరదు. చేతి అచ్చులో అక్కడక్కడ వెంట్రుకవాసి తేడా వస్తుంది. ముగ్గులో ఆ తేడా తెలుస్తూనే ఉంటుంది గాని, యంత్రపు అద్దకంలో లేని జీవకళ కూడా దాని వల్లనే చేకూరుతుంది.

ఇక తెలుగు పల్లెల బొంత పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి, దబ్బనంతోనో పెద్ద సూదితోనో దగ్గర దగ్గరగా తిన్నని కుట్లు వేసి తయారుచేసేది. అక్కడ శ్రేణిని రూపొందించినది డిజైనర్ కాదు, ఒక ఇంటివారు ఏళ్ల తరబడి కట్టి విడిచిన బట్టలే. వాడి మెత్తబడిన నూలుకు ఉండే ఒదుగు కొత్త బట్టకు ఉండదు గనుక, ఊహించే శ్రేణిలోని బట్ట పలుచగా, అల్లిక మాత్రం దగ్గరగా ఉండాలి. గరుకైన దళసరి నేత మీద సూది ఆగిపోతుంది, అంచులు పోగులు విడుస్తాయి. ప్రతి బట్టనూ కత్తిరించడానికి ముందే విడివిడిగా జాడించాలి. నూలు కుదించుకునేది, ఎరుపు నీలాల్లో పోగు పట్టనిది వదిలేది అప్పుడే గనుక, మీగడ నేల ఉన్న బట్టలకు ఆ తరువాత ముప్పు తగ్గుతుంది. నమూనాలను కాగితం మీద చూసి అచ్చులు చెక్కించేకంటే, ఒక్కో డిజైను ఒక్కో మీటరు అద్దించి, తొమ్మిది చదరాల చిన్న ముక్కను కుట్టి గోడకు ఆనించి, గది ఆ చివర నుంచి చూస్తే, శ్రేణిలో ఏ బట్ట మిగతావాటిని మింగేస్తున్నదో, ఎక్కడ ఇంకొక లేత బట్ట కావాలో తేలిపోతుంది.