ఉప్పెన లెక్కలు

విశాఖవాసికి తుఫాను అనగానే గాలియు, దివిసీమవాసికి ఉప్పెనయు జ్ఞప్తికి వచ్చును. 1977 నవంబరు 19న కృష్ణాడెల్టాపై సుమారు ఐదు మీటర్ల యెత్తున విరుచుకుపడి వేలాది ప్రాణములను హరించిన సముద్రము, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన విశాఖ నగరముమీదనే తీరము దాటినపుడు సహజమైన పోటుకంటె 1.4 మీటర్లు మాత్రమే పొంగుటకు కారణము, తుఫానుల బలాబలములతోపాటు, మన తీరమునొద్ద కడలి త్వరగా లోతునకు దిగుటయు, తీరభూమి మెరకగా నుండుటయు.

ఈ ఉప్పెన లెక్కలతోనే కాలక్షేపము చేయు నాబోటివాడు ముందుగా నేర్చునది లోతును గౌరవించుట. సముద్రమును త్రిభుజముల వలగా విభజించి, తీరమునొద్ద ఆ త్రిభుజములను చిన్నవిగా చేసి, ప్రతి మూలకును లోతు నిర్ణయించి, తుఫాను గాలిని, పీడనమును అందు ప్రవేశపెట్టి, కొలది సెకన్లకొక పర్యాయము నీటిమట్టమును కంప్యూటరుచేత గణింపజేయుట ఈ విద్య. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రమైన ఇన్‌కాయిస్ సంస్థవారి ఉప్పెన హెచ్చరికలకు ఆధారమిదియే. పీడనము ఒక మిల్లీబారు తగ్గిన నీరు ఒక సెంటీమీటరు లేచును. తక్కిన పొంగులో అధికభాగము గాలిది, అది నీటిని నెట్టి పేర్చుటకు లోతు తక్కువయైన తావులే అనుకూలము.

1901 నుండి 2018 వరకు ప్రపంచ సముద్రమట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది, ఇకముందును పెరుగును. ఆ పెరుగుదలను లెక్కలో చేర్చుట సులభమే; కష్టము నేలతోనే. ఉపగ్రహములు కొలిచిన భూమియెత్తులలో మీటర్లకొలది దోషముండగా, మీటరున్నర ఉప్పెన ఏ వీధి దాక వచ్చునో రంగుల పటమున చూపుట సాహసమే యగును. (పటము ఎంత అందముగా నున్న, సభలో ప్రశ్నలు అంత తక్కువ!) ఇక వాననీటి సంగతి: మేఘాద్రిగెడ్డ యను వాగు 1933లో ప్రారంభమైన విశాఖ లోపలి రేవులోనికే వచ్చి కలియును, కుంభవృష్టి వేళ సముద్రమును పొంగియుండిన, గెడ్డనీరు పోవుటకు త్రోవ లేక పల్లములనే ఆశ్రయించును. వాన యొక లెక్క, ఉప్పెన మరియొక లెక్కగా కట్టువాడు ఈ నగరమును సగమే లెక్కించినవాడు.

గెడ్డల అడుగులను, వంతెనల క్రింది ఖాళీలను, పల్లపు వీధుల యెత్తులను చేతికొలతలతో సరిచూడక మన లెక్కకు బలము రాదు. గెడ్డల వెంబడి కాపురముండు పాఠకులకు నా విన్నపము: ఈసారి మీ వాకిట నీరు నిలిచినచో, అది ఎంతవరకు వచ్చెనో గోడపై గీత గీసి, ప్రక్కనే తేదీని, వేళను వ్రాసియుంచుడు.