మగపిల్లవాడి కాలి గజ్జె

ఈద్ పండుగకు బర్కాలో రజ్‌హా చూశాం. తాతలూ మనుమలూ ఒకే వరుసన నిలిచి, కత్తులు పట్టి, డోలు దెబ్బకు అడుగులు వేస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. అది వారికి తెగ గౌరవం.

మేము మాత్రం లోలోపల సిగ్గుపడ్డాం. కిందటేడు మా అబ్బాయి కూచిపూడి నేర్చుకుంటానంటే, "అది ఆడపిల్లల విద్యరా" అని కొట్టిపారేసింది మేమే. ఎంత అబద్ధం! కూచిపూడి భాగవతులు తరతరాలుగా మగవారే కదా. 1963లో మద్రాసులో వెంపటి చినసత్యం గారు అకాడమీ పెట్టాక ఆడపిల్లలు విరివిగా నేర్చారు, మంచిదే. అయితే వారికి తీసిన తలుపు మగపిల్లలకు మూయడమెందుకు?

ఒమానీల చేతిలో కత్తి ఉంది గనుక చెల్లిందంటారా? వేదాంతం సత్యనారాయణశర్మ గారి చేతిలో ఉన్నది సత్యభామ జడ! ఆ అభినయానికే 1970లో పద్మశ్రీ వచ్చింది. 2012లో ఆయన పోతే అందరం కళ్లు తుడుచుకున్నాం. పరాయి ఇంటి బిడ్డ ఆడితే కళ, మన బిడ్డ ఆడితే తలవంపులా?

వైద్యులం గనుక ఒకమాట చెప్పగలం: లయకు ఆడామగా తేడా లేదు. వచ్చే ఉగాదికి మావాడు గజ్జె కడతాడు. నవ్వదలచినవారు ముందు మమ్మల్ని చూసి నవ్వండి.