జీనెక్కిన చందాబాయి
(ముందుమాట)

మహలఖా బాయి చందా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి గజళ్లు, ముజ్రాలు, నిజాం కొలువు. ఈ పుస్తకం ఆమెను ముందు గుర్రం మీద చూపిస్తుంది. 1824లో కన్నుమూసిన ఒక స్త్రీ జీవితాన్ని ఈ వైపు నుంచి మొదలుపెట్టాలని తోచడమే రచయిత్రి చేసిన గొప్ప పని. "సార్, తప్పులుంటే దిద్దండి" అంటూ రాతప్రతి నా చేతిలో పెట్టింది. నేను చరిత్ర పాఠం చెప్పిన పిల్లల్లో ఒకరు ఇంత పని చేసుకొచ్చారంటే, ఈ నాలుగు మాటలు రాయడం నాకు దక్కిన గౌరవం.

రచయిత్రి దిల్‌సుఖ్‌నగర్ బిడ్డ. కోచింగ్ సెంటర్ల బోర్డులు, బట్టల దుకాణాలు, బస్సుల హారన్లు దాటి మలక్‌పేట వైపు సాగితే రేసుకోర్సు వస్తుంది. హైదరాబాదు పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఉండాలని 1886లో వాటిని మలక్‌పేటకు తెప్పించాడు. చందాబాయి సమాధి ఉన్నది ఆ మౌలాలి గుట్ట కిందే. చిన్నప్పుడు రేసుకోర్సు గోడ పక్కన నిలబడి గుర్రాలను చూసిన పిల్ల, పెద్దయ్యాక ఆ గుర్రాల వెంటే మౌలాలి దాకా వెళ్లింది. ఈ పుస్తకం పుట్టింది అలా.

మొదటి అధ్యాయంలో ఒక తెల్లవారుజాము ఉంది. కసరత్తు ముగించుకొచ్చిన గుర్రం వీపు మీంచి సైసు జీను దించుతాడు. చెమట ఆవిరై లేస్తుంటే ఎండుగడ్డిని చుట్టగా చుట్టి మెడ నుంచి తొడల దాకా రుద్దుతాడు. కాళ్లు ఒక్కొక్కటే ఎత్తి, లాడాల సందుల్లో ఇరుక్కున్న మట్టిని గీకుతాడు. ఊపిరి నెమ్మదించాకే నీళ్లు పెడతాడు. గుర్రాన్ని ప్రేమించడమంటే రోజూ ఇంత చాకిరీ అని రచయిత్రి ముందే చెప్పి, ఆ తర్వాతే మనల్ని పద్దెనిమిదో శతాబ్దంలోకి తీసుకెళ్తుంది. ఇది నాకెంతో నచ్చింది. స్వారీ నేర్వడానికి ఎంత సాధన కావాలో తెలిశాక గానీ చందాబాయి ఘనత మనకు తెలిసిరాదు.

1768లో ఔరంగాబాదులో రాజ్ కుంవర్ బాయి కడుపున పుట్టింది చందా. ఆట, పాట, కవిత్వంతో పాటే గుర్రపుస్వారీ, విలువిద్య నేర్చింది. బల్లెం విసరడంలోనూ పేరు తెచ్చుకుంది. రెండో నిజామైన నిజాం అలీఖాన్ దండయాత్రలకు బయల్దేరితే మగవేషం వేసుకుని, గుర్రమెక్కి వెంట నడిచింది. 1782లో కౌలాస్, 1783లో నిర్మల్, 1789లో పానగల్. నిర్మల్‌కు ఇవాళ కారులో వెళ్లినా నాలుగు గంటల దారి. అప్పుడది వాగులు, అడవులు, గుడారాలు, దుమ్ము. అంత దూరం జీను మీద కూర్చుని వెళ్లిన మనిషిని మెహఫిల్‌కే పరిమితం చేసి చెప్పుకోవడం అన్యాయం.

రచయిత్రి వాదన సూటిగా ఉంది. చందాబాయి పాట విని మురిసిపోయిన కొలువు, దండులో ఆమె నిబ్బరం చూశాక ఆమె మాటకూ విలువిచ్చింది. జాగీర్లు వచ్చాయి. వాటిలో ఒకటి అడిక్‌మెట్. తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది ఆ ప్రాంతంలోనే. మూడో నిజాం సికిందర్ జా మహలఖా అన్న బిరుదు ఇచ్చాడు. చందా తన గజళ్ల రాతప్రతిని 1799లో ఈస్టిండియా కంపెనీ అధికారి కెప్టెన్ మాల్కంకు కానుకగా ఇచ్చింది. అది ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అమ్మకు మౌలాలిలో 1792లో సమాధి కట్టించి, చుట్టూ తోట వేయించి, చివరకు తానూ అక్కడే ఒరిగింది. ఇంత స్వతంత్రంగా బతకడానికి కవిత్వం ఎంత కారణమో, స్వారీ అంతే కారణమని రచయిత్రి అంటుంది. నేనూ ఒప్పుకుంటాను.

దక్కనులో గుర్రానికి అంత విలువ ఎందుకన్న అధ్యాయం విద్యార్థులు తప్పక చదవాలి. మన నేల మేలుజాతి గుర్రాలకు పుట్టిల్లు కాదు. కాకతీయుల కాలం నుంచీ అవి అరబ్బు, పారశీక తీరాల నుంచి ఓడల్లో రావాల్సిందే. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు అభయశాసనం వేయించింది ఊరికే కాదు. ఆయన కూతురు రుద్రమ కడపటి కబురు చెప్పే 1289 నాటి శాసనం చందుపట్లలో ఉంది. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి విజయవాడ దారి పట్టి నకిరేకల్ వైపు వెళ్తే ఆ ఊరొస్తుంది. గుర్రమంటే అధికారంగా చెలామణీ అయిన కాలంలో కళ్లెం పట్టిన ఆడవాళ్లు ఇద్దరు మన తూర్పు దారుల్లోనే దొరకడం రచయిత్రి గమనించింది. రుద్రమ రాజు కూతురు. చందాకు ఆ అండ లేదు. నేర్చిన విద్యే ఆమెకు అండ.

మౌలాలి సమాధి తోట చాలాకాలం పాడుబడి ఉండి, 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సాయంతో బాగుపడింది. రాళ్లను బాగుచేస్తే సరిపోదు, మనిషి కథనూ బాగుచేయాలి. ఆ పని ఈ పుస్తకం చేసింది. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ బడుల్లో చదివే ఆడపిల్లల చేతికి ఇది చేరాలి. ఉపాధ్యాయులు వాళ్లను ఉప్పల్ మీదుగా మౌలాలి తీసుకెళ్లి, అక్కడ కూర్చోబెట్టి ఒక అధ్యాయమైనా చదివించాలని నా కోరిక.

అమ్మా, నీకు ఇంకో పని అప్పగిస్తున్నాను. మనం రోజూ పలికే సరూర్‌నగర్ పేరు సరూర్ అఫ్జా బాయిది. చందాబాయి కాలంలోనే నిజాం దివానుగా ఉన్న అరస్తూ జా ఇల్లాలు ఆమె. నీ తర్వాతి పుస్తకం ఆమె గురించి రాయి. ఆరోగ్యంగా ఉండు, ఇలాగే తిరుగు, ఇలాగే రాయి.

ఆశీస్సులతో,
సరూర్‌నగర్, హైదరాబాదు