గాయపడిన చేతి శిల్పం

వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అన్న చర్చ మన సభల్లో ఎన్నిసార్లు జరిగినా, శిల్పమంటే వస్తువుకు తొడిగే చొక్కా అన్న భావం ఇంకా పోలేదు. వస్తువు జీవితం నుంచి వస్తుందనీ, శిల్పం రచయిత ప్రతిభ నుంచి వస్తుందనీ మనలో చాలామంది నమ్మకం. ఈ నమ్మకాన్ని పరీక్షించుకోవటానికి సాహిత్యం వెలుపలి ఉదాహరణ ఒకటి పనికొస్తుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో 1968లో ఏర్పడిన రాక్ సంగీత బృందం ‘బ్లాక్ సబ్బాత్’ చరిత్ర అది.

యుద్ధంలో బాంబులు పడిన ఆస్టన్ ప్రాంతపు శ్రామిక కుటుంబాల పిల్లలు ఈ నలుగురూ. గాయకుడు ఆజీ ఆస్బోర్న్ కబేళాలో పనిచేశాడు. కార్ల హారన్లు పరీక్షించే కొలువూ చేశాడు. గిటారు వాయించే టోనీ అయోమీ రేకుల కర్మాగారంలో కార్మికుడు. 1965లో, పదిహేడేళ్ల వయసులో, ఆ ఉద్యోగానికి చివరిరోజున, పనికి రాని మరొకరి యంత్రం దగ్గర నిలబడవలసి వచ్చింది. ఆ యంత్రం అతని కుడిచేతి రెండు వేళ్ల కొసలను తెంపేసింది. అతను ఎడమచేతి వాటం మనిషి. తీగలను నొక్కవలసినవి ఆ వేళ్లే.

ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. వాటిమీద తోలు అంటించాడు. మామూలు తీగలు నొక్కితే నొప్పి కాబట్టి సన్నని తీగలు వేసుకున్నాడు. 1971లో వచ్చిన మూడవ రికార్డు నాటికి తీగలను వదులుచేసి శ్రుతిని బాగా కిందికి దించాడు. ఆ దిగిన శ్రుతిలోంచి వచ్చిన బరువైన, మందమైన నాదమే తర్వాత హెవీ మెటల్ అనే సంగీతశాఖకంతటికీ లక్షణమైంది. గాయమే సంగీతాన్ని పుట్టించిందంటే అది యాంత్రికమవుతుంది. వేళ్లు పోగొట్టుకున్న కార్మికులు వేలమంది ఉన్నారు. అమెరికన్ నల్లజాతి ప్రజల బ్లూస్ సంప్రదాయం, కర్మాగారాల నగరపు రొద, గాయానికి లొంగని పట్టుదల - ఈ మూడూ కలిసినచోట కొత్త శిల్పం పుట్టింది. అంటే శిల్పానికి కూడా సామాజిక మూలం ఉన్నది.

ఆనాటి పత్రికా విమర్శకులు దీన్ని గుర్తించలేదు. ‘రోలింగ్ స్టోన్’లో లెస్టర్ బాంగ్స్ 1970 నాటి తొలి రికార్డును తీసిపారేశాడు. వారికి వినిపించింది మోటుతనం మాత్రమే. ఆ మోటుతనం ఎవరి జీవితానిదో వారు అడగలేదు.

ఇక వస్తువు సంగతి. అదే 1970లో వచ్చిన ‘పారనాయిడ్’ రికార్డు ‘వార్ పిగ్స్’ పాటతో మొదలవుతుంది. యుద్ధాలు నిర్ణయించేవారు వేరు, చచ్చేవారు వేరు అన్న వర్గసత్యాన్ని వియత్నాం యుద్ధకాలంలో సూటిగా చెప్పిన పాట అది. పాటలు ఎక్కువగా రాసిన గీజర్ బట్లర్ చూపు అక్కడ పదునుగా ఉన్నది. అయితే పాట చివర యుద్ధోన్మాదులను శిక్షించేది ప్రజలు కాదు, ప్రళయదినాన దేవుడు. ఆగ్రహం భూమిమీద పుట్టి, తీర్పు ఆకాశానికి వెళ్లిపోయింది. ఈ పరిమితి మనం గమనించవలసినది. శత్రువును గుర్తించిన కళ, ఆ శత్రువును ఎదిరించగల శక్తిని ప్రజల్లో చూడలేకపోయింది.

ఆ ఖాళీలోకి వ్యాపారం ప్రవేశించింది. తొలి రికార్డు అట్టలోపల తమకు చెప్పకుండానే తలకిందుల శిలువ వేశారని బృందం తర్వాత చెప్పుకున్నది. భయం సరుకైంది. ‘పారనాయిడ్’లోనే మాదకద్రవ్యాల బారినపడిన సైనికుడి దుర్గతిని పాడినవారు, 1972లో లాస్ ఏంజెల్స్‌లో నాలుగో రికార్డు చేసేనాటికి తామే కొకైన్‌లో మునిగిపోయారు. 1979లో ఆస్బోర్న్‌ను తొలగించారు. తర్వాత గాయకులు మారుతూ వచ్చారు. మొదటినుంచి చివరిదాకా నిలిచినవాడు అయోమీ ఒక్కడే. నాదం నిలిచింది, నాదానికి జన్మనిచ్చిన జీవితం దూరమైంది. 2013లో వారి రికార్డు బ్రిటన్‌లో మళ్లీ ప్రథమస్థానానికి ఎక్కినప్పుడు డోలు వాయించే బిల్ వార్డ్ అందులో లేడు. తాను సంతకం చేయగల ఒప్పందం ఇవ్వలేదని 2012లోనే ఆయన బహిరంగంగా ప్రకటించాడు. కర్మాగారాల నుంచి కలిసివచ్చిన నలుగురిని ఒప్పందపత్రం విడదీసింది.

2025 జూలై 5న ఆస్టన్‌లోని విల్లా పార్క్ మైదానంలో నలుగురూ మళ్లీ ఒక వేదికమీద వాయించారు. ఆ కచేరీ రాబడి పిల్లల ఆసుపత్రి వంటి సేవాసంస్థలకు ఉద్దేశించినది. పార్కిన్సన్ వ్యాధితో నిలబడలేని ఆస్బోర్న్ కూర్చునే పాడాడు. జూలై 22న మరణించాడు. పుట్టినచోటికి తిరిగి రావటం గొప్పదే. కాని యాభై ఏళ్ల దూరాన్ని ఒక్క సాయంత్రం చెరపలేదు.

ఈ చరిత్రనుంచి రచయితలు తీసుకోవలసినది ఒకటున్నది. శ్రామికజీవితం వస్తువునే కాదు, వాక్యపు బరువునూ, లయనూ కూడా ఇస్తుంది. అరువు తెచ్చుకున్న శిల్పంలో కార్మికుణ్ణి కూర్చోబెడితే అతను ఫొటోకు కూర్చున్నట్టే ఉంటాడు. అట్లాగే, ఒకనాడు జీవితం ఇచ్చిన శిల్పం శాశ్వతంగా మన సొత్తు కాదు. జీవితంతో సంబంధం తెగితే అది అలవాటవుతుంది, అలవాటు సరుకవుతుంది. మనలో చేయితిరిగిన రచయితలు తమ శైలి ఈ రెంటిలో ఏ దశలో ఉన్నదో విచారించుకోవటం అవసరం.