ఎండెక్కాకే గాలం

మా తిరుమలగిరికి సముద్రం చాలా దూరం. సూర్యాపేట, కోదాడ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం దాకా వెళ్తుంది. దారి ఉంది గానీ ఉప్పునీటి వేట మన బతుకుల్లో లేదు. మనది చెరువు వేట. అది ఎండాకాలపు పని. నీళ్లు తగ్గి చేపలన్నీ తూము దగ్గరి లోతుకు చేరినప్పుడు మత్స్య సొసైటీ వాళ్లు వలలు దించుతారు, ఊరంతా కట్ట మీదికి వస్తుంది. మృగశిర కార్తెకు చేప తినాలని జూన్‌లో బజార్లు కిటకిటలాడతాయి. మరి చలికాలంలో? చెరువు నిండుగా ఉంటుంది, చేప ఎదుగుతూ ఉంటుంది, వలలు చాలావరకు ఇంట్లోనే ఉంటాయి.

చలికాలపు వేట చూడాలంటే నేను నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌కు పోతాను. నల్లగొండ జిల్లా నేరేడుగొమ్ము మండలంలో, కృష్ణ ఒడ్డున, వైజాగ్ కాలనీ అని ఒక ఊరుంది. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన వాళ్లు స్థిరపడ్డ ఊరు. అక్కడ బోటు అద్దెకు మాట్లాడుకోవచ్చు, అప్పుడే పట్టిన చేపను ఒడ్డునే వేయించి పెడతారు. సెలవు రోజుల్లో హైదరాబాద్ నుంచి కార్లు బారులు కడతాయి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ చేప రుచి గురించే చెప్పుకుంటూ తిరిగి వెళ్తారు. నాకు మాత్రం అక్కడి వాళ్ల వేట జ్ఞానమే అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది.

1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4న కాల్వలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ వెనక, కొండల నడుమ దాదాపు 285 చదరపు కిలోమీటర్ల నీళ్లు నిలిచాయి. అంతకుముందు అక్కడ ఉన్నది నది. నదిలో పుట్టి వేసుకుని తిరగడం వేరు, గాలి లేస్తే అలలు కొట్టే ఇంత వెడల్పు నీళ్ల మీద రాత్రిపూట వల వేయడం వేరు. సముద్రం తెలిసిన వాళ్లకు ఆ ధైర్యం పుట్టుకతో వచ్చింది. తెల్లవారుజామున నేల మీది గాలి కడలిలోకి వీస్తుందని, పొద్దెక్కాక అదే గాలి తిరిగి ఒడ్డుకు మళ్లుతుందని విశాఖ తీరంలో పిల్లలకూ తెలుసు. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. జనవరికి బంగాళాఖాతం నెమ్మదిస్తుంది, అప్పుడు తీరం దగ్గర చిన్న పడవలకు మంచి రోజులు. గాలిని చూసి బయల్దేరడం, మబ్బును చూసి వెనక్కి తిరగడం అనే ఆ చదువును వాళ్లు మంచినీళ్ల మీదికి తెచ్చుకున్నారు.

పట్నం నుంచి వచ్చినవాళ్లు చీకటితోనే గాలాలు పట్టుకుని దిగుతారు. చేప తెల్లవారుజామునే దొరుకుతుందని ఎక్కడో విని ఉంటారు. ఒకసారి నేనూ అలాగే తొందరపెడితే బోటు పెద్దాయన కదల్లేదు. "ఇప్పుడు కాదు బాబూ. ఎండెక్కనీ. నీళ్లు ఎచ్చబడితే అవే ఒడ్డుకొస్తాయి" అన్నాడు. తర్వాత ఆ మాట గురించి ఎంత ఆలోచిస్తే అంత నిజం కనిపించింది.

చేపకు మనలాగా ఒంట్లో సొంత వేడి లేదు. నీళ్లు ఎంత చల్లగా ఉంటే దాని ఒళ్లు అంత చల్లబడుతుంది, ఆకలీ అంత మందగిస్తుంది. పుష్య మాసపు రాత్రి పైనీళ్లు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతాయి. ఒడ్డు పక్కన లోతు తక్కువ కాబట్టి అక్కడి నీళ్లు మరీ తొందరగా చల్లారతాయి. అందుకే తెల్లవారేసరికి ఒడ్డు ఖాళీగా ఉంటుంది. తొమ్మిది, పది గంటలకు ఎండ పడే వాగు మూతులు, రాళ్ల పక్కన నిలిచిన పల్లపు నీళ్లు మెల్లగా కాగుతాయి. మేత కోసం చేప అక్కడికి వస్తుంది. ఎంచుకున్న చోటుకు తెడ్లతో చప్పుడు లేకుండా చేరి, లంగరు నెమ్మదిగా దించి, తవుడు ముద్దో పిండి ముద్దో ఎర కట్టి వేయాలి. బొచ్చె పైనీళ్లలో, రవ్వు నడిమిన, మోసు అడుగున మేస్తాయి. ఏ చేప కావాలో దాన్నిబట్టి బెండుకూ గాలానికీ మధ్య దారం పొడుగు మారుతుంది. రాష్ట్ర చేపగా 2016లో పేరు పొందిన మన కొర్రమట్ట దారి వేరు. అది గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. అప్పుడు లేచే బుడగలను పెద్దాయన నాకంటే ముందే చూసేవాడు, వేలితో చూపించేవాడు. నేను తల తిప్పేలోగా నీళ్లు సర్దుకునేవి.

గాలం పగటి పని, వల రాత్రి పని. వానాకాలపు మట్టి అడుగుకు దిగాక చలికాలంలో నీళ్లు తేటపడతాయి. పగలు చేపకు వల దారం కనిపిస్తుంది, పక్కకు తప్పుకుంటుంది. వెన్నెల రాత్రి కూడా అంతే. అందుకే అమావాస్య చుట్టూ ఉండే రాత్రులు వాళ్లకు ముఖ్యం. సాయంత్రం వల దించి తెల్లారి లాగుతారు. అడుగున ఏముందో తెలియకపోతే వల తిరిగి రాదు. మునిగిపోయిన ఏలేశ్వరం ప్రాంతం ఆ నీళ్ల కిందే ఉంది. చెట్ల మోళ్లు, గోడల రాళ్లు అడుగున ఎక్కడున్నాయో ఏ పటం చెప్పదు, బోటు నడిపేవాడి జ్ఞాపకం మాత్రమే చెబుతుంది. చిరిగిన వలను గంటల తరబడి కుట్టుకున్న మనిషికి ఆ చోటు ఇక మరుపు రాదు.

నాకు బాధ కలిగించేది వల కన్ను. చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపపిల్లల్ని ఉచితంగా వదిలే పథకం తెలంగాణలో 2016-17లో మొదలైంది. ఏడాదంతా నీళ్లుండని చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, రిజర్వాయర్లకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు. వానలు పడి నీళ్లు చేరాక వదులుతారు. అంటే చలికాలం వచ్చేసరికి వాటి వయసు కొన్ని నెలలే. రవ్వు, బొచ్చె గుడ్లు పెట్టే వయసుకు రావడానికి రెండేళ్లు పడుతుంది, ఆ గుడ్లు కూడా నిలవనీళ్లలో కాదు, వరద పారే నీళ్లలోనే. చలికాలంలో సన్న కన్ను వల లాగితే అందులో పడేది రేపటి చేప. కృష్ణ వెంబడి శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో సన్న కన్ను అలివి వలల మీద ఏళ్లుగా నడుస్తున్న గొడవ ఇదే. నిషేధం ఉంది, ఫిర్యాదులున్నాయి, వలలూ ఉన్నాయి. సముద్రం మీద కూడా తగాదా ఇదే రకం. ఆంధ్రప్రదేశ్‌లో 1994 చట్టం కింద తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా నీళ్లు సంప్రదాయ పడవలవి. చేపల గుంపును మొత్తం చుట్టేసే రింగు వల ఎక్కడ వేయాలన్న వివాదం 2022 జనవరిలో విశాఖలో పడవలు తగలబడే దాకా పోయింది. ఉప్పునీళ్లయినా మంచినీళ్లయినా, అన్నీ ఊడ్చుకుపోయే వల ముందు దెబ్బతినేది చిన్న పడవవాడే.

చిన్న చేపను కాపాడే నియమం వేరే చోట ఉంది. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో చలికాలమంతా అద్దె బోట్ల వేట నడుస్తుంది. మనవాళ్లూ సెలవుల్లో అక్కడికి వెళ్తుంటారు. రెడ్ డ్రమ్ అనే చేప అక్కడ 18 అంగుళాల కంటే చిన్నదైతే నీళ్లలోకి వదిలేయాలి. 27 అంగుళాల కంటే పెద్దదైనా వదిలేయాలి. చిన్నది ఎదగాలి, పెద్దది గుడ్లు పెట్టాలి. పట్టిన చేపను కొలత మీద పెట్టి చూడకుండా డబ్బాలో వేయరు. డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే బోటు నాయకుడికి కోస్ట్ గార్డ్ లైసెన్స్ ఉండాలి, నీళ్ల మీద మాట ఆయనదే. మన దగ్గర కూడా చిన్న చేపను వదిలేసే నియమం బోటు నడిపేవాళ్ల మనసులో ఉంది. అరచేతిలో ఇమిడే చేపను పెద్దాయన తడి చేత్తో పట్టుకుని, గాలం మెల్లగా తీసి, నీళ్లలోకి జారవిడవడం నేను చూశాను. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి చేప బతకదని చెప్పాడు. కాగితం మీది చట్టం కంటే ఆ తడి చెయ్యి నాకు ఎక్కువ నమ్మకం ఇస్తుంది. అయినా చట్టం కావాలి. సాగర్‌లో ఏ చేప ఎంత పొడుగుంటే పట్టొచ్చో రేవులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టాలి, వల కన్నును ఒడ్డునే కొలవాలి.

మనం బోటు అద్దెకు తీసుకుంటాం, అంతే. నీళ్లను కొనుక్కోం. ఈ తేడా మర్చిపోతే ఏమవుతుందో 2017 నవంబర్ 12 చెప్పింది. కార్తీక ఆదివారం, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో బోటు తిరగబడింది. ఎక్కినవాళ్లు ఎక్కువ, లైఫ్ జాకెట్లు లేవు, చాలామంది తిరిగి రాలేదు. ఇంకో ఇద్దరిని ఎక్కించమని, ఇంకాస్త లోపలికి పోనిమ్మని, పొద్దుగుంకినా ఇంకో గంట ఉందామని పైసలిచ్చినవాళ్లే ఒత్తిడి పెడతారు. ఇల్లు గడవాల్సిన మనిషి ఎన్నిసార్లని కాదంటాడు? కాదన్నప్పుడు ఆ మాట వినడం మన బాధ్యత.

ఈ సంక్రాంతి సెలవులకు సాగర్ వైపు పోయే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు నా విన్నపం. మీ పొలాలకు ఎడమ కాల్వలో వచ్చేదీ ఆ నీళ్లే. తెల్లవారకముందే దిగమని బోటు అన్నను తొందరపెట్టకండి. లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి, పిల్లలకు మీ చేత్తో కట్టండి. గాలి లేచింది, వెనక్కి పోదాం అంటే బేరం ఆడకండి, ఇస్తానన్న పైసలు మొత్తం ఇవ్వండి. అరచేయంత చేప పళ్లెంలోకి వస్తే వద్దని చెప్పండి. కొనేవాళ్లు లేని చేప కోసం సన్న కన్ను వల ఎవరూ వేయరు.