నాన్న ఫోను ఇంటికొచ్చే వేళ

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. మూడో తరగతి నుంచి పైవాళ్లకు మాత్రమే. ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టినా ప్రయోజనం లేదని పెద్దలు అనుకున్నారు కాబోలు. అది తప్పని నేననను. ఆరేళ్ల పిల్లకి తెర మీద మాట్లాడే మనిషి తన పేరు పెట్టి ఎందుకు పిలవదో అర్థం కాదు. కాని ఆ రెండు తరగతులూ నా చేతిలోనే ఉన్నాయి. బడి గేటుకి తాళం, టీవీ మా వాళ్లని లెక్కలోకి తీసుకోలేదు, ఇక మిగిలింది వాట్సాప్. ప్రాథమిక తరగతుల పిల్లలు మళ్లీ బడిలో అడుగుపెట్టింది సరిగ్గా ఏడాది తర్వాత, 2021 సెప్టెంబరు 1న.

ఆ కరోనా కబుర్లు ఇప్పుడెందుకు అంటారేమో. కరోనా పోయినా ఆన్‌లైన్ పోలేదు. 2024 నవంబరులో ఢిల్లీలో గాలి పాడైతే అయిదో తరగతి దాకా పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి పాఠాలు ఆన్‌లైన్‌కి మార్చారు. అదే ఏడు సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మం మునిగినప్పుడు రాష్ట్రమంతా బళ్లకు సెలవిచ్చారు. ఇప్పుడు వాన సెలవని టీవీలో స్క్రోలింగ్ రావడం ఆలస్యం, కొన్ని ప్రైవేటు బళ్ల నుంచి తల్లిదండ్రులకు లింకు వచ్చేస్తోంది. ఎల్‌కేజీ పిల్లాడిక్కూడా! ఫీజు కట్టించుకున్నాం కదా, ఏదో ఒకటి చేసినట్టు కనబడాలి కదా అనే తొందర తప్ప అందులో నాకు చదువు కనబడదు.

చిన్నపిల్లల ఆన్‌లైన్ క్లాసు ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. సగంసేపు "టీచర్, వినబడట్లేదు", మిగతా సగం "నాన్నా, మ్యూట్ పెట్టుకో". వెనక కుక్కర్ విజిల్, పక్కన తమ్ముడి ఏడుపు, మధ్యలో తాతగారు వచ్చి కెమెరాకి నమస్కారం పెట్టి వెళ్తారు. అమ్మ చాటునుంచి జవాబు అందిస్తుంది, పిల్ల దాన్ని తిరిగి చెబుతుంది, టీచరు "వెరీగుడ్" అంటుంది. నేర్చుకున్నది అమ్మ ఒక్కతే. కేంద్ర మానవ వనరుల శాఖ 2020 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది: బడి ముందు చదువుల పిల్లలకు రోజుకు అరగంట మించకూడదు, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ముప్పై నుంచి నలభై అయిదు నిమిషాల క్లాసులు రెండే. చాలాచోట్ల ఆ కాగితాన్ని ఎవరూ చదివిన దాఖలా లేదు.

మా పిల్లల సంగతి వేరు. వాళ్లకి గంట క్లాసు బెడదే లేదు, ఎందుకంటే పగలు ఇంట్లో ఫోనే ఉండదు. అది నాన్నతో పాటు ఆటో మీదో, మిర్చి యార్డుకో, సెంట్రింగ్ పనికో పోతుంది. పల్లెటూళ్ల మీద అసర్ సర్వే చెప్పిన లెక్క చూడండి. 2018లో బడి పిల్లలున్న ఇళ్లలో నూటికి 36.5 ఇళ్లకు స్మార్ట్‌ఫోను ఉంటే 2021 నాటికి అది 67.6కి చేరింది. కరోనా పుణ్యమా అని అప్పుచేసి కొన్నవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. అయితే ఫోనున్న ఇళ్లలోనే నాలుగో వంతుకు పైగా పిల్లలకు అది చేతికి రావట్లేదని కూడా ఆ సర్వేలోనే తేలింది. వచ్చినా ముందు పదో తరగతి అన్న చేతికి పోతుంది. రెండో తరగతి చెల్లెలి వంతు వచ్చేసరికి చార్జింగు అయిపోతుంది, లేదా ఆ రోజు డేటా అయిపోతుంది.

అందుకని నా టైంటేబులు నాన్న ఫోను ఇంటికొచ్చే వేళని పట్టి నడిచేది. రాత్రి ఏడూ ఏడున్నరకి వాయిస్ మెసేజ్‌లో ఒక్క పని చెప్పేదాన్ని. రాసి పంపితే చదివి చెప్పేవాళ్లు అన్ని ఇళ్లలో ఉండరు, గొంతయితే పిల్లలే నేరుగా వింటారు. పని మర్నాడు పగలు చెయ్యాలి, ఫోను లేకుండా. మళ్లీ రాత్రి ఫోను రాగానే పిల్ల తన గొంతుతో నిమిషంలో చెప్పి పంపాలి. వీడియో వద్దు. నిమిషం గొంతుకి అయ్యే డేటా వీడియోతో పోలిస్తే చాలా తక్కువ. పని చెప్పడానికీ, చేసింది వినడానికీ ఫోను. మధ్యలో చదువంతా నేల మీద జరగాలి. ఇన్నేళ్లయినా ఆన్‌లైన్ గురించి నాకున్న అభిప్రాయం ఇంతే.

ఆ పనులేమిటో కొంచెం చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి.

అష్టాచమ్మా. అయిదు నిలువు, అయిదు అడ్డం, ఇరవై అయిదు గళ్లు, సుద్దముక్క లేకపోతే బొగ్గు. చింతగింజల్ని గరుకు బండ మీద ఒకవైపు రుద్దితే తెల్లబడతాయి, అలాంటివి నాలుగు. ఎన్ని తెల్లవి పైకి పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, నాలుగు. అన్నీ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. ఒకటో తరగతి పిల్లకి కూడిక నేర్పడానికి ఇంతకు మించిన పుస్తకం నేను చూడలేదు. కాయని ఒక్కో గడి జరుపుతూ లెక్కపెట్టే పిల్ల వారం తిరిగేసరికి మూడు గళ్లు ఒక్క చూపులో దాటేస్తుంది. ఇంకా రెండు పడితే ఎదుటి కాయని చంపొచ్చని చూసిందంటే తీసివేత కూడా వచ్చినట్టే, ఆ మాట దానికి ఎవరూ చెప్పకపోయినా.

మా బడిలో పెద్దవాళ్లకి, అంటే నాలుగు, అయిదు తరగతులకి, ఇదే ఆటలో ఇంకో పని ఇచ్చాను. గింజలు యాభైసార్లు వెయ్యండి, ఏది ఎన్నిసార్లు పడిందో గీతలు గీయండి, ఏది ఎక్కువ పడిందో చెప్పండి. ఆ రాత్రి వచ్చిన మెసేజుల్లో దాదాపు అందరిదీ ఒకటే మాట: రెండు. ఎందుకో చెప్పమంటే "రెండుకి అలవాటు టీచర్" అన్నాడొకడు. గింజలు నాలుగూ ఎన్నిరకాలుగా పడొచ్చో వరసగా రాయించాను. పదహారు రకాలు. అందులో రెండు వచ్చేవి ఆరు, ఒకటి వచ్చేవి నాలుగు, మూడు వచ్చేవి నాలుగు, చమ్మా ఒక్కటి, అష్టా ఒక్కటి. పై తరగతుల్లో సంభావ్యత అని పేరు పెట్టి భయపెట్టే పాఠం ఇదే. ఒక అమ్మాయికి మాత్రం అష్టాలు లెక్కలేనన్ని పడ్డాయి. ఆరా తీస్తే వాళ్ల నానమ్మ గింజల్ని ఎగుడుదిగుడుగా రుద్దింది, నల్లవైపు చదునుగా కూర్చోదట. ఆ గింజలు ఆ వీధిలో పేరుపడ్డవి, ఎవరూ వాటితో ఆడరు!

ముగ్గు కూడా అంతే. సందు చుక్క ముగ్గు, మధ్యలో ఏడు, రెండువైపులా నాలుగు వచ్చేదాకా. మొత్తం చుక్కలెన్ని? వెయ్యకముందే చెప్పాలి. నాలుగు, అయిదు, ఆరు, ఏడు, మళ్లీ ఆరు, అయిదు, నాలుగు: ముప్పై ఏడు. సరి చుక్క, ఏడు నుంచి ఒకటి వచ్చేదాకా అయితే ఇరవై అయిదు. ఇందులో ఒక తమాషా ఉంది. ఒకటీ, మూడూ, అయిదూ, ఏడూ కలిపితే పదహారు, అంటే నాలుగు నాలుగులు. మిగిలిన అయిదు, మూడు, ఒకటి కలిపితే తొమ్మిది, మూడు మూళ్లు. ఏ ముగ్గు వేసినా ఇలాగే వస్తుందా అని పిల్లల్ని వెతకమన్నాను. మగపిల్లలు ముందు "మేం ముగ్గెయ్యం" అన్నారు. లెక్క అనేసరికి బొగ్గు పట్టుకుని అరుగుల మీద కూర్చున్నారు. తల్లులు తిట్టారనుకోండి.

వంటింటి కొలతల పని ఇచ్చినప్పుడు నేననుకోనిది జరిగింది. సోలలు ఎన్నయితే తవ్వ, తవ్వలు ఎన్నయితే మానిక, మానికలు ఎన్నయితే కుంచం, ఇంట్లో పెద్దవాళ్లనడిగి చెప్పండి అన్నాను. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అన్నీ రెట్టింపులే, ఎక్కాలు నేర్పడానికి మంచిది కదా అని నా ఆలోచన. ఆ రాత్రి పిల్లల గొంతుల కంటే ముసలమ్మల గొంతులు ఎక్కువ వచ్చాయి. "ఓ టీచరమ్మా, మా పిల్లకి నేను చెబుతున్నా విను" అని మొదలుపెట్టి, వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అనడం దాకా పోయింది ఒకావిడ. బడి గుమ్మం ఎప్పుడూ తొక్కని మనిషి. ఆ మెసేజ్ గ్రూపులో అందరికీ వినిపించాను. మర్నాటి నుంచి ఆవిడ మనవరాలు పని ఒక్కరోజూ మానలేదు, మాననివ్వలేదు అనడం సబబేమో.

మిగతావి చిన్నవి. వాకిట్లో కర్ర పాతి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడని జానలతో కొలవడం. ఏటా మే 9కీ, ఆగస్టు 3కీ అటూ ఇటూగా హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకి నీడే ఉండదు. మే నెలలో బడి ఉండదు కనుక అది ఇంట్లో చూడాల్సిన పాఠమే, ఎండలో జాగ్రత్త. సబ్బు కాగితం, బియ్యం బస్తా, బస్సు టికెట్ మీద తెలిసిన అక్షరాలు వెతకడం. కథ కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. నేను చదివి గొంతు పంపి, చివర ఏం జరిగిందో చెప్పకుండా వదిలేసేదాన్ని. చివర వాళ్లు చెప్పాలి. మా ఊరి పిల్లల చేతుల్లో ఆ కథలన్నీ పెళ్లి భోజనంతోనో, పులి చావుతోనో ముగిసేవి.

వద్దని గట్టిగా చెప్పేవీ కొన్ని ఉన్నాయి. కొనాల్సింది ఏదీ వద్దు. థర్మోకోల్, రంగు కాగితాలు, స్టేషనరీ షాపులో రెడీమేడుగా దొరికే చార్టు, ఇవన్నీ నాన్న జేబుకి పరీక్ష. నాలుగు పేజీలు చూసి రాసి ఫొటో పెట్టమనడం వద్దు. అందులో సగం అక్కల చేతిరాతే. ఇక పిల్ల చేసిన పనిని గ్రూపులో పెట్టి "సూపర్" అనిపించుకోవడం. ఒక పిల్లకి పదిమంది చప్పట్లు కొడితే మిగతావాళ్ల ఇళ్లలో ఆ రాత్రి ఏం జరుగుతుందో నాకు తెలుసు. "చూడు, వాళ్ల పిల్ల ఎట్లా చేసిందో" అని వీపు మీద ఒకటి పడుతుంది.

జవాబు విడిగా, పేరు పెట్టి ఇవ్వాలి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పిల్ల పంపిన నిమిషం మొత్తం వినాలి, అందులో ఒక్క విషయం పట్టుకుని అడగాలి. "నీడ మధ్యాహ్నం చిన్నగా ఉందన్నావు, మరి సాయంత్రం ఎటు తిరిగింది?" అని. బాగుంది, గుడ్ అనే బొమ్మలు పంపితే రెండోరోజుకే పిల్లలకి తెలిసిపోతుంది టీచరు వినలేదని. రోజూ అందరికీ చెప్పడం నావల్ల కాలేదు. తరగతిని రెండు సగాలు చేసి, రోజు విడిచి రోజు చెప్పేదాన్ని. నలభైమంది పిల్లలున్న టీచరుకి అదీ కష్టమే. పైగా ఆ రోజుల్లో ఎవరు ఎన్ని క్లాసులు చూశారో రాసి పంపమనే ఫారాలు ఉండేవి, పిల్ల ఏం చెప్పిందో రాసే గడి మాత్రం వాటిల్లో లేదు.

ఫోనే లేని ఇళ్ల మాటేమిటి? ఆ ప్రశ్నకి ఏ యాప్ దగ్గరా జవాబు లేదు. పశ్చిమ బెంగాల్‌లో జామురియా దగ్గర దీప్ నారాయణ్ నాయక్ అనే టీచరు ఇళ్ల గోడలకి నల్లరంగు వేయించి వీధినే బడి చేశారు. నేనంత చెయ్యలేదు. పక్కింటి పిల్ల చేత చెప్పించాను. చింతగింజలూ ముగ్గు చుక్కలూ కాబట్టి అది సాగింది. యూట్యూబ్ లింకయితే సాగేది కాదు. వరదొచ్చి కరెంటు పోయినప్పుడు ఫోనున్న ఇల్లూ లేనిదానితో సమానమే, అప్పుడు కూడా ముందురోజు చెప్పిన పని మిగిలే ఉంటుంది.

అందుకే తల్లిదండ్రులకి నా మనవి ఒక్కటే. ఈసారి వాన సెలవు వచ్చి మీ ఒకటో తరగతి పిల్లకి బడి నుంచి గంట క్లాసు లింకు వస్తే, వద్దని చెప్పండి. దాని బదులు ఒక్క పని చెప్పమనండి, సాయంత్రం మా పిల్ల పంపే నిమిషం గొంతుని చివరిదాకా వినమనండి. ఫీజు దానికే కడుతున్నామని కూడా అనొచ్చు, తప్పులేదు.